ఉప్పు లేని గిన్నె

కంచం గోడకు తగిలి, నేల మీద గిర్రున తిరిగి, చివరికి సుమిత్ర కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది! తోటకూర పప్పు గోడ మీంచి చారలు చారలుగా కారుతోంది. అన్నం మెతుకులు దేవుడి పటం కింద దాకా చెల్లాచెదురుగా పడ్డాయి...

"గిదేం తిండి? గిది మనుషులు తినేదేనా?" హరికిషన్ గొంతు వీధి చివరి దాకా వినిపించింది. "ఉప్పేది? ఉప్పెక్కడ పోయింది? యాప్రాల్‌ల పెండ్లి వంట ఉంది, ఊరందరికీ కడుపు నిండ వండి పెట్టాలె. నా ఇంట్ల నాకు మాత్రం గీ చప్పిడి కూడా?"

మల్కాజ్‌గిరిలో ఆ వీధి వాళ్ళకి ఆ గొంతు కొత్త కాదు. ఎదురింటి సీతామహాలక్ష్మి గారైతే ఆ కేక వినగానే అలవాటుగా టీవీ శబ్దం పెంచేస్తుంది. పెళ్ళివంటల మేస్త్రీ కదా, నాలుగు పొయ్యిల అవతల ఉన్న మనిషికి వినిపించేలా అరవడం ఆయనకి పనిలో అబ్బిన విద్య. ఆ విద్యను ఇంటికి తెచ్చుకోనక్కర్లేదని ఆయనకి ఎవరూ చెప్పలేదు!

సుమిత్ర వంగి కంచం తీయబోయింది. కుడిచెయ్యి కంచం మీద పడింది గానీ వేళ్ళు ముడుచుకోలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఇది తన చెయ్యేనా? పొద్దున లేచినప్పటి నుంచీ తల పగిలిపోతోంది. పొయ్యి దగ్గర కళ్ళు మసకలు కమ్మితే కాసేపు గోడ పట్టుకుని నిలబడింది. నుదుటికి బామ్ రాసుకుని, కొంగు తలకు బిగించి కట్టుకుని మళ్ళీ పనిలో పడింది. ఇల్లాలి తలనొప్పి ఎవరికి కావాలి? తనకే అక్కర్లేకపోయింది...

"కల్పా! మిషన్ తే బిడ్డా, మిషన్ తే! మీ నాయినకు బీపీ లేసినట్టుంది!" మంచం మీది నుంచి అత్తగారు బాలమ్మ కేకపెట్టింది.

ఆ ఇంట్లో అది ఆచారం అయిపోయింది. హరికిషన్ అరిచాడంటే చాలు, ఎవరో ఒకరు బీపీ మిషన్ పట్టుకుని పరుగెత్తాలి. ఆఫీసుకి తయారవుతున్న కల్పలత జడ సగంలో వదిలేసి పరుగెత్తుకొచ్చింది. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ చుట్టింది.

"చూడు, చూడు! మీ అమ్మ నన్నెట్ల సంపుతున్నదో చూడు!" అంటూనే ఆయన చెయ్యి బుద్ధిగా చాపాడు.

"మాట్లాడకు నాన్నా. మాట్లాడితే ఎక్కువ చూపిస్తది."

మిషన్ గుర్రుమంది. పట్టీ ఉబ్బింది. తండ్రి, కూతురు, బాలమ్మ... ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఆ అంకెల వైపే చూస్తున్నారు. నేల మీద, గోడకి చేరగిలబడి సుమిత్ర కూడా అటే చూస్తోంది! 'ఎంతుంది?' అని అడగాలనుకుంది. నాలుక మొద్దుబారి, నోట్లోంచి ఏదో తెలియని చప్పుడు వచ్చింది. ఎవరూ వినలేదు. తన ఒంట్లో సగం తనది కాకుండా పోతున్న ఆ క్షణంలో కూడా, ఆ పిచ్చితల్లికి కావలసింది మొగుడి బీపీ ఎంతో తెలియడమే...

"ఎక్కువేం లేదు నాన్నా. దగ్గర దగ్గర నార్మలే."

"హమ్మయ్య!" బాలమ్మ దేవుడి పటం వైపు దండం పెట్టింది. "సుమిత్రా, జెర మజ్జిగ కలిపి ఇయ్యి బిడ్డా. ఉప్పెయ్యకు... ఓ సుమిత్రా!"

అప్పుడు తిరిగి చూశారు ముగ్గురూ. సుమిత్ర మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. ఎడమచేతి గుప్పెట్లో నేల మీంచి ఏరిన అన్నం మెతుకులున్నాయి.

"అమ్మా!" కల్పలత కెవ్వుమంది. పట్టీ ఇంకా తండ్రి చేతికే ఉంది!

* * *

ఆసుపత్రిలో డాక్టర్ దేవకృప అడిగిన ప్రశ్నలు పెద్దవేమీ కావు. కానీ ఒక్కదానికీ ఆ ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

"ఎప్పుడు మొదలైంది? పొద్దున్నుంచే తలనొప్పి, చూపు మసకబారడం ఉన్నాయా?"

తండ్రీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"బీపీ రెండు వందలు దాటి ఉంది. ఇది ఇవాళ కొత్తగా వచ్చింది కాదమ్మా, ఎన్నాళ్ళ నుంచో ఉండి ఉంటుంది. చివరిసారి ఎప్పుడు చూపించారు?"

కల్పలత చెప్పింది. "ఇంట్లో మిషన్ ఉంది మేడమ్. రోజూ చూస్తాం. కానీ... అది నాన్నది."

ఆ మాట తన నోటి నుంచే తాను విన్నాక ఆ పిల్ల గోడకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. మొదటి జీతంతో ఎంతో మురిపెంగా కొన్న మిషన్ అది! పట్టీ చుట్టడం తల్లికి కూడా నేర్పింది. అమ్మా, ఒక్కసారి నీ చెయ్యి ఇటివ్వు అని ఎన్నడూ అనలేదు. ఒకే ఇల్లు, ఒకే మిషన్, రెండడుగుల దూరంలో ఆ చెయ్యి...

మంచం మీద సుమిత్రకి అన్నీ వినిపిస్తున్నాయి. మాటే రాదు. కుడిచెయ్యి, కుడికాలు పక్కన ఎవరో వదిలేసి వెళ్ళిన సామానులా పడి ఉన్నాయి. కళ్ళు మూసుకుంటే ఇల్లే కనిపించింది.

హరికిషన్ చెడ్డవాడేం కాదు. తాగడు, చెడు తిరుగుళ్ళు లేవు. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు తానే స్వయంగా ఏరి తెస్తాడు. గంటెతో చుక్క తీసి అరచేతిలో వేసుకుని నాలుకకి అద్దుకున్నాడంటే, అంత పెద్ద గంజులో పప్పుకి ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తాడు. ఆయన బగారా అన్నం తిన్నవాళ్ళు పెళ్ళికూతురి ముఖం మరిచిపోతారేమో గానీ ఆ రుచి మరవరు. పొయ్యి దగ్గర పనిచేసేవాళ్ళకి కోపం ఎక్కువని బంధువులు ఆయన్ని వెనకేసుకొచ్చేవాళ్ళు. మరి సుమిత్ర కూడా కాపురానికి వచ్చిన నాటి నుంచీ పొయ్యి దగ్గరే ఉంది కదా! ఆమె సంగతి ఎవరూ ఎత్తలేదు.

రెండేళ్ళ కిందట ఒక పెళ్ళివంట దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డాడు. బీపీ ఉందన్నారు. రోజూ మాత్ర వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, కోపం తగ్గించుకోవాలి అన్నాడు అప్పటి డాక్టరు. కోపం తగ్గించుకోమని చెప్పింది ఆయనకి. ఇల్లు మాత్రం ఆ మాట ఇంకోలా విన్నది... ఆయనకి కోపం తెప్పించొద్దని! అంతే. ఆ రోజు నుంచి ఆ కోపానికి డాక్టరు చీటీ దొరికినట్టయింది. చారు చల్లారినా, తువ్వాలు కనపడకపోయినా, "నా బీపీ పెంచి సంపుతరా ఏందీ?" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఇల్లంతా చేతులు కట్టుకుని నిలబడేది.

ఉప్పు లేని పప్పు వడ్డించిన మొదటి రోజే కంచం ఎగిరింది. ఆయన కణతల దగ్గర నరాలు ఉబ్బి, ముఖం కందగడ్డైంది. పట్టీ చుట్టి చూస్తే అంకెలు భయపెట్టాయి. ఆ రాత్రంతా సుమిత్రకి నిద్ర లేదు. ఉప్పూ విషమే, కోపమూ విషమే అన్నాడు డాక్టరు. ఉప్పు ఆపితే కోపం వస్తోంది. కోపం ఆపాలంటే ఉప్పు వేయాలి. దేవుడా, ఈ రెండింట్లో ఏది చిన్న విషం? ఎవరిని అడగాలి? ఉప్పు కొంచెం కొంచెంగా చేసే చెరుపు కోపం ఒక్కసారే చేస్తుందని భయపడింది ఆ వెర్రిబాగులది!

అప్పటి నుంచి వంటింట్లో రెండు గిన్నెలు. పెద్ద గిన్నెలో ఉప్పు వేసిన కూర అందరికీ. చిన్న గిన్నెలో ఉప్పు లేనిది ఆయనకి. "నాన్నకు చప్పిడే పెడుతున్నవ్ కదమ్మా?" అని కూతురు అడిగితే చిన్న గిన్నె మూత తీసి చూపించేది. వడ్డించేటప్పుడు మాత్రం చెయ్యి పెద్ద గిన్నెలోకి పోయేది... అంత పేరున్న మేస్త్రీకి ఉప్పు సంగతి తెలియకుండా ఉంటుందా? మొదటి ముద్దకే తెలిసింది. తలెత్తి భార్య వంక చూసి, మీసాల చాటున చిన్నగా నవ్వి, మారు మాట్లాడకుండా తిన్నాడు. ఆ నవ్వుకే ఆమె పొంగిపోయింది.

మరి చిన్న గిన్నె? మిగిలితే కూతురు పట్టేస్తుంది. పారబోయడానికి చేతులు రావు. అందరూ తిన్నాక, వంటింట్లో తలుపు వైపు వీపు పెట్టి కూర్చుని, ఆ చప్పిడి కూరతో అన్నం కలుపుకుని తినేది సుమిత్ర. మొదట్లో గొంతు దిగేది కాదు, నీళ్ళతో మింగేది. తర్వాత నాలుకే అలవాటు పడింది. ఏది అలవాటు కాలేదు గనక ఆమెకి?

ఒకసారి సీతామహాలక్ష్మి గారు ఉండబట్టలేక అడిగింది. "ఏవమ్మా సుమిత్రా, నువ్వు ఉప్పూ కారం తినడం లేదుటే? ఇన్ని మాటలు ఎలా పడతావే తల్లీ?"

సుమిత్ర నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు వెనక ఏముందో ఆ మహాతల్లికేం తెలుసు!

* * *

మర్నాడు మధ్యాహ్నం వార్డులోకి హరికిషన్ వచ్చాడు. చేతిలో బట్టల సంచి. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. అప్పటిదాకా తల్లి తల నిమురుతున్న కల్పలత లేచి నిలబడింది. నిన్నటి నుంచీ మనసును తొలుస్తున్న మాట ఆమె నోట్లోంచి వచ్చేసింది.

"నాన్నా, ఒకటి అడుగుతా. రెండేండ్ల నుంచి నువ్వు రోజూ తినేది ఆ చప్పిడి పప్పే కదా. మరి నిన్న ఎందుకు విసిరికొట్టినవ్?"

ఆయన కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుని, సుమిత్ర చచ్చుబడిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మాట్లాడింది కూతురితో కాదు, భార్యతో.

"నీ చీరలు తెద్దామని ఇంటికి పోయిన సుమిత్రా. వంటింట్ల రెండు గిన్నెలు అట్లనే ఉన్నయ్, నిన్న నువ్వు మూత పెట్టినవి పెట్టినట్టే. పెద్ద గిన్నెల పప్పు నాలికకు పెట్టుకున్న. పులిసింది గానీ, ఉప్పు తెల్సింది. అది రోజూ నువ్వు నాకు పెట్టేది. చిన్న గిన్నెలది సుత పెట్టుకున్న..." ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "రవ్వంత ఉప్పు లేదు. నిన్న నేను ఇసిరికొట్టింది గదే. కండ్లు మసక వచ్చి గిన్నె మార్చుకున్నవా సుమిత్రా? నీ పాణం బాగలేకనే మార్చుకున్నవా?"

సుమిత్ర కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి జారాయి.

"అమ్మను అడిగిన. రోజూ గీ చిన్న గిన్నెల కూర ఎటు పోతుందే అని. అమ్మ కొంగు నోట్లె కుక్కుకుని ఏడ్సింది. 'నీ పెండ్లాం కడుపులకు పోతది కొడుకా' అన్నది. 'నేను చూసి సుత ఊకున్న. నీ ఒర్లుడుకు నేను సుత భయపడ్డ' అన్నది. కన్నతల్లి సుమిత్రా! నన్ను కన్నతల్లి నాకు భయపడ్డదట!"

"నాన్నా..." కల్పలత నిశ్చేష్టురాలైంది. అంటే ఇన్నాళ్ళూ తను మూత తీసి చూసి తృప్తి పడిన ఆ గిన్నె... ఆ పిల్ల తల్లి పాదాల మీద పడి, "నన్ను ఎందుకు మోసం చేసినవ్ అమ్మా? ఒక్క మాట చెప్తే అయిపోయేది కదా..." అని కుమిలిపోయింది.

"ఒక్క బుక్క," హరికిషన్ అన్నాడు. "ఒక్క బుక్క నేను మింగలేకపోయిన. కంచం ఇసిరిన. నువ్వు రెండేండ్ల సంది దినాం తిన్నవ్. నాకు ఉప్పు పెడుతున్నవని తెల్సు, మురిసిపోయిన. మరి నువ్వేం తింటున్నవని ఒక్కనాడు తొంగి సూడలే... ఊరోళ్ళ ఇస్తరాకులళ్ళ ఏం తక్కువైందో చూసేటోణ్ణి, నీ కంచం సూడలే సుమిత్రా!"

అప్పుడే వార్డులోకి వచ్చిన డాక్టర్ దేవకృప ఆ మాటలు విని ఆగింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ ఆయన లేచి నిలబడి అడిగాడు. "మేడమ్, ఉప్పు తిన్నోణ్ణి నేను. అరిసినోణ్ణి నేను. ఉప్పు తినని మనిషికి గిట్లెట్లయింది?"

ఆమె నెమ్మదిగా చెప్పింది. "ఉప్పు ఒక్కటే కాదండీ. వయసుంటుంది, వంశంలో ఉండొచ్చు, నిద్ర లేకపోవడం ఉంటుంది. అరిచేవాళ్ళ బీపీ అరిచినప్పుడు ఎగురుతుంది, మీకూ అది మంచిది కాదు. కానీ ఎప్పుడు అరుస్తారోనని పొద్దస్తమానం బిక్కుబిక్కుమంటూ, వచ్చిన కోపాన్ని వచ్చినట్టే మింగుతూ బతికే మనిషి ఒంటికి విశ్రాంతి ఎక్కడుంటుంది? ఇదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. ఎప్పుడో ఒకసారి చూసి, మందు మొదలుపెట్టి ఉంటే మాత్రం ఇంతదాకా వచ్చేది కాదేమో. ఇకనైనా ఆమెను మాట్లాడించండి. మాట మాటకీ తొందరపెట్టకుండా వినండి."

హరికిషన్ భార్య చేతి మీద తల వాల్చి పసివాడిలా ఏడ్చాడు. సుమిత్రకి ఆయన తల నిమరాలనిపించింది. ఎడమచెయ్యి లేచింది కూడా... కానీ సగంలోనే ఆగిపోయింది! గుండెల్లో ఎక్కడో అట్టడుగున, జాలి కింద, కన్నీళ్ళ కింద ఏదో సెగలా రగిలింది. ఇన్నాళ్ళకి అడిగావా? చెయ్యి పోయాక, మాట పోయాక ఇప్పుడా అడిగేది? ఆ సెగ ఏమిటో తెలిసి ఆమే భయపడింది. చెయ్యి మెల్లగా మళ్ళీ పక్క మీద పెట్టేసుకుంది.

* * *

ఇంటికి వచ్చాక ఇల్లు ఇల్లులా లేదు. హరికిషన్ పెళ్ళి ఆర్డర్లన్నీ తన దగ్గర పని నేర్చుకున్న రాజుకి అప్పగించి వంటింట్లోకి దిగాడు. వందల మందికి వండిన చేతికి నలుగురి వంట అందలేదు. మొదటి రోజు చేసిన చారు వీధిలో సగం ఇళ్ళకి పంచాల్సి వచ్చింది! ఒక్కటే గిన్నె, ఒక్కటే వంట, అందరికీ చప్పిడే. సుమిత్ర కుడిచెయ్యి లేవదు. ఎడమచేత్తో అన్నం తినడానికి ఆమె మనసొప్పదు. అందుకని ఆయనే పక్కన కూర్చుని ముద్దలు కలిపి తినిపించేవాడు. ఆ వీధి ఆయన గొంతు విని ఎన్ని రోజులైందో!

బాలమ్మ రోజూ నువ్వుల నూనె వెచ్చచేసి కోడలి చేతికి మర్దన చేసేది. చేస్తూ చేస్తూ తనలో తాను గొణుక్కునేది. "మీ మామ సుత గిట్లనే ఒర్లేటోడు బిడ్డా. నేను సుత గిట్లనే మింగిన. మింగుడే ఆడిదాని గుణమని నీకు సుత నేనే నేర్పిన. నా నోరు పడిపోను..."

సుమిత్ర నోట్లోంచి ఒకటీ అరా మాటలు వస్తున్నాయి. నీళ్ళు, కల్ప, నొప్పి. అంతకుమించి రావడం లేదు. డాక్టరమ్మ మాట్లాడించమన్నది గానీ, ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె దగ్గర ఎవరూ పెద్ద మాట ఎత్తడం లేదు. "అమ్మ ముందర అనకు, టెన్షన్ పడుతది" అని గుసగుసలు! ఒకప్పుడు ఆయన కోసం భయపడ్డ ఇల్లే, ఇప్పుడు ఆమె కోసం భయపడుతోంది. అరుపు పోయింది గానీ భయం ఎక్కడికీ పోలేదు.

ఒక ఆదివారం సీతామహాలక్ష్మి గారు చూడ్డానికి వచ్చింది. మంచం పక్కన కూర్చుని అన్నం కలుపుతున్న హరికిషన్ ఆమెను చూడగానే కళ్ళు తుడుచుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటే మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఏం చెప్పాలె అక్కా! దేవత అక్కా నా పెండ్లాం. నేను ఎంత ఒర్లినా ఒక్కనాడు ఎదురు చెప్పలే. ఒక్కనాడు కోపానికి రాలే. గసొంటి మనిషికి దేవుడు గిట్ల చేసిండు. కోపమంటే ఏందో తెల్వదక్కా దీనికి, బంగారం అక్కా..."

సుమిత్ర ఆ మాట విన్నది. ఎన్నోసారో వినడం! దేవత... బంగారం... కోపమంటే తెలియదు... ఆసుపత్రిలో రగిలిన ఆ సెగ మళ్ళీ లేచింది. ఈసారి ఆగలేదు. గుండెల్లోంచి గొంతులోకి, గొంతులోంచి భుజంలోకి పాకింది. మంచం మీద ఉన్న ఎడమచెయ్యి సర్రున లేచి, ఆయన చేతిలోని కంచాన్ని ఒక్క తోపు తోసింది!

కంచం ఎగిరి నేల మీద పడింది. అన్నం, పప్పు గది నిండా చిందాయి. కంచం గిర్రున తిరిగి, హరికిషన్ కాళ్ళ దగ్గర ఆగింది.

సీతామహాలక్ష్మి గారు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కంచం చప్పుడు వినగానే పక్క గదిలోంచి బాలమ్మ ఏళ్ళ నాటి అలవాటుతో కేకపెట్టింది. "కల్పా! మిషన్ తే బిడ్డా, మిషన్ తే!"

కల్పలత మిషన్‌తో పరుగెత్తుకొచ్చింది. హరికిషన్ చెయ్యి, దానంతట అదే, చొక్కా పైకి మడవబోయింది. మరుక్షణం నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"నాకు కాదు బిడ్డా," అన్నాడు. "మీ అమ్మకు కట్టు."

కూతురు తల్లి ఎడమచేతికి పట్టీ చుట్టబోయింది. సుమిత్ర చెయ్యి లాక్కుంది. ఆమె ముఖం ఎర్రబడింది, వంకరపోయిన పెదవులు ఏదో చెప్పాలని తన్నుకులాడుతున్నాయి.

"అమ్మా, టెన్షన్ పడకమ్మా, ప్లీజ్..."

"ఆ...గు," అన్నది సుమిత్ర. ఆ ఇంట్లో ఎవరినైనా ఆమె ఆగమనడం అదే మొదటిసారి!

అందరూ ఆగారు. ఆమె భర్త ముఖంలోకి సూటిగా చూసింది. ఒక్కొక్క అక్షరాన్నీ బరువైన గంగాళం దించినట్టు దించింది.

"నా...కు... సుత... కోపం... వస్తది."

హరికిషన్ కళ్ళార్పకుండా చూస్తున్నాడు. అయిపోయిందనుకున్నారు అందరూ. కానీ అవలేదు. ఆమె ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నది.

"దినాం... వచ్చింది."

ఆ రెండు మాటలూ విని, పక్క గదిలోంచి గుమ్మం దాకా వచ్చిన బాలమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. కల్పలత చేతిలో పట్టీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సీతామహాలక్ష్మి గారు కళ్ళు ఒత్తుకుంటూ, చప్పుడు చేయకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

హరికిషన్ కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చున్నాడు. కంచం దగ్గరికి తీసుకుని, మెతుకు మెతుకూ ఏరి అందులో వేయసాగాడు. అలా ఏరుతూ ఏరుతూ, ఈ పని ఆమె ఎన్నిసార్లు చేసిందో లెక్క తెలియక, తల ఎత్తలేక, వంగినవాడు వంగినట్టే భోరున ఏడ్చాడు...

"అను సుమిత్రా," అన్నాడు కాసేపటికి. "దేవతవని ఇగ అనను. నన్ను తిట్టు. ఎప్పుడెప్పుడు వచ్చిందో, ఎందుకెందుకు వచ్చిందో అన్నీ అను. నేను ఇంటా."

కల్పలత మళ్ళీ పట్టీ చుట్టింది. ఈసారి సుమిత్ర చెయ్యి ఇచ్చింది. అంకెలు నిన్నటికంటే కాస్త ఎక్కువే ఉన్నాయి. కూతురు తల్లికి మాత్ర వేసి, నీళ్ళు తాగించి, నెమ్మదిగా దిండుకి ఆనించి కూర్చోబెట్టింది. ఇక మాట్లాడొద్దు అనబోయి, తల్లి కళ్ళు చూసి ఆ మాట మింగేసింది. కాసేపటికి సుమిత్ర తనంతట తానే మొదలుపెట్టింది. పెళ్ళైన కొత్తలో పుట్టింటివాళ్ళ ముందు ఆయన గ్లాసు విసిరిన సంగతి. తన తండ్రి పోయిన రోజు ఏడవనివ్వకుండా అరిచిన సంగతి. మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. ఒక్కోసారి ఒక మాట కోసం చాలాసేపు వెతుక్కుంటోంది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ కుడిచెయ్యి మళ్ళీ మునుపటిలా రాదని దేవకృప తర్వాత నెమ్మదిగా చెప్పింది. సుమిత్ర ఏడవలేదు. మర్నాటి నుంచి ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం నేర్చుకుంది. పొద్దున్నే ఇద్దరి చేతులకీ పట్టీ కడుతుంది కల్పలత, ముందు అమ్మకి, తర్వాత నాన్నకి. అదే మాత్ర, అదే చప్పిడి కూర ఇద్దరికీ. ఆయనకి గొంతు పెరగబోయినప్పుడు ఆమె చెంచాతో కంచం అంచు మీద ఒక్కసారి కొడుతుంది. ఆయన ఆగిపోతాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంటాడు. ఆమె చెబుతుంది. సగం మాటలు అర్థమవుతాయి, సగం కావు. అర్థం కానివి మళ్ళీ చెప్పమని ఆయన అడుగుతాడు. ఆమె మళ్ళీ చెబుతుంది.